అరవై వేలకు ఇరవై ఆరు నెలలు

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అరవై వేలకు నెలకు పన్నెండు వందలు. ఇరవై ఆరు నెలలకు 31,200. ఈ లెక్క 1981లో ఒక లెడ్జరు చివరి పేజీలో పెన్సిలుతో వేశాను. సిరాతో రాయడానికి మనసొప్పలేదు.

ఆ లెడ్జరు ఒక టర్నరుది. హైదరాబాదు బాలానగర్‌లో పరాయి షెడ్డులో పదేళ్లు లేత్ మీద నిలబడి పనిచేసి, జిల్లా సరిహద్దు దాటాక సొంత షెడ్డు వేసుకున్నాడు. నేను సనత్‌నగర్‌లో ఒక ఆడిటరు గారి దగ్గర గుమాస్తాని. ముప్పై అయిదేళ్లు చిన్న పరిశ్రమల పద్దులు రాశాను. అందులో సబ్సిడీ ఫైళ్లు పూర్తిగా నా బాధ్యత.

షెడ్డు, రెండు లేత్‌లు, ఒక షేపరు, ఒక డ్రిల్లింగ్ మిషను కలిపి అతని పెట్టుబడి నాలుగు లక్షలు. అది వెనకబడిన ప్రాంతం కాబట్టి అప్పట్లో కేంద్రం 15 శాతం సబ్సిడీ ఇచ్చేది, అంటే అరవై వేలు. అయితే ముందు సొమ్ము పెట్టాలి, మిషను తిరగాలి, సరుకు బయటికి పోవాలి, ఆ తర్వాతే అర్జీ. ప్రాజెక్టు రిపోర్టులో మాత్రం ఆ అరవై వేలనీ రాబడిగా చూపించాం. చూపించకపోతే అప్పు మంజూరు కాదు. కాగితం మీద ఉన్న ఆ అరవై వేలను చేతిలోకి తెచ్చుకోవడానికి అతను తెలిసినవాళ్ల దగ్గర ప్రోనోటు రాశాడు.

ఇనస్పెక్షన్ రోజు నేనూ షెడ్డుకు వెళ్లాను. వచ్చిన ఉద్యోగి నిదానస్తుడు, మంచివాడు. టేపు పట్టి షెడ్డు పొడవూ వెడల్పూ కొలిచాడు. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో షేపరు నేమ్ ప్లేటు మీది గ్రీజు తుడిచి నంబరు రాసుకున్నాడు. ప్లేటు మీద చివరి అంకె 8. బిల్లులో 3. టైపు చేసినవాళ్ల పొరపాటు. ఆ ఒక్క అంకె సరిదిద్దిన ఉత్తరం, షేపరు తయారైన పంజాబులోని బటాలా నుంచి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత మంజూరు పత్రం, ఆపైన నిధులు వచ్చేదాకా వరసలో నిలబడటం. చివరికి ప్రోనోటు రాసిన ఇరవై ఆరు నెలలకు చెక్కు వచ్చింది, కానీ అతని చేతికి రాలేదు. అప్పటికి వాయిదాలు తప్పాయి గనుక అప్పిచ్చిన సంస్థే దాన్ని లోను ఖాతాలో జమ వేసుకుంది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి రశీదు మాత్రం అతనే ఇచ్చాడు. ఆ సంతకం నా ఎదుటే చేశాడు.

అందుకే ఎవరైనా ప్రభుత్వ రాయితీ అనగానే, ఎంత అని అడిగేముందు ఎప్పుడు అని అడుగుతాను. ఈ దేశంలో సర్కారు కొత్త వ్యాపారానికి చేయి అందించడం మొదలుపెట్టి వందేళ్లు దాటింది. ఆ వందేళ్లనూ నేను ఈ ఒక్క ప్రశ్నతోనే చదువుకున్నాను.

మా సొంతూరు రాజమండ్రి. నాన్న పేపరు మిల్లులో పనిచేశారు. గాలి ఇటు తిరిగితే గుజ్జు ఉడికే వాసన మా పెరట్లోకి వచ్చేది. ఆ మిల్లు 1920లలో కర్నాటిక్ పేపర్ మిల్స్ పేరుతో పుట్టింది. మద్రాసు ప్రభుత్వం దానికి అప్పిచ్చింది. అయినా నిలదొక్కుకోలేకపోయింది. చేతులు మారి, పేరు మారి, 1953లో ప్రభుత్వం చేతికొచ్చి, 1964లో మళ్లీ ప్రైవేటువాళ్లకు వెళ్లింది. మా ఇంట్లో అన్నం పెట్టిన మిల్లు అసలు ఒక తడబడిన ప్రయత్నంగా మొదలైందని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. మిషన్లకు సరిపోయిన డబ్బు మిల్లు నడపడానికి సరిపోకపోవడం ఎలా ఉంటుందో అప్పటికి నేను సనత్‌నగర్ షెడ్లలో కళ్లారా చూసి ఉన్నాను.

ఆ అప్పుల వెనక ఉన్నది 1922 నాటి మద్రాసు చట్టం, పరిశ్రమలకు రాజ్యసహాయ చట్టం. దాని పుట్టుక అంత తేలిగ్గా జరగలేదు. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు మద్రాసులో అల్యూమినియం పాత్రల తయారీని, క్రోము తోలు పనిని సర్కారు ఖర్చుతో చేసి చూపించాడు. 1908లో ఊటీలో సమావేశం పెట్టి పరిశ్రమల శాఖకు రూపం ఇచ్చారు. ప్రభుత్వం మాతో పోటీకి దిగుతుందా అని ఇంగ్లీషు వర్తకులు గోలపెట్టారు. 1910లో లండన్ నుంచి భారత వ్యవహారాల మంత్రి మోర్లీ ఆ శాఖను మూయించాడు. మళ్లీ తెరవడానికి 1914 దాకా ఆగాల్సి వచ్చింది. 1919 సంస్కరణల తర్వాత పరిశ్రమలు మన మంత్రుల చేతికి రాగానే చట్టం వచ్చింది. దేశంలో ఈ తరహా చట్టాల్లో అదే మొదటిది. కొత్తగా పుట్టిన పరిశ్రమలకు, ఇంకా పసితనంలో ఉన్నవాటికి సాయం చేయాలని అందులో రాసుకున్నారు. అప్పు ఇవ్వవచ్చు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుకు పూచీ పడవచ్చు, వాటాలు కొనవచ్చు, భూమి, కలప, నీళ్లు చౌకగా ఇవ్వవచ్చు, మిషన్లు వాయిదాల మీద ఇవ్వవచ్చు. ఇప్పుడు అంకుర సంస్థలని మనం గొప్పగా చెప్పుకునేవాటికి కావలసినవన్నీ ఆ జాబితాలో దాదాపుగా ఉన్నాయి. కాగితం మీద అంత బాగున్న చట్టం ఆచరణలో ఎక్కువగా తాకట్టు చూసి ఇచ్చే అప్పుగానే మిగిలింది. తాకట్టు పెట్టడానికి ఆస్తి ఉన్నవాడు పసివాడెలా అవుతాడు?

హైదరాబాదు రాజ్యంలో దారి వేరు. 1929లో కోటి రూపాయల మూలధనంతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టారు. ఆర్థిక వ్యవహారాలు అక్బర్ హైదరీ చూస్తున్న రోజులవి. ఆ నిధి అప్పుతో ఆగలేదు, వాటాలు కొన్నది. వరంగల్ ఆజంజాహీ మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్ కాగితం మిల్లు, వీటన్నిటి వెనకా సర్కారు వాటాధనం ఉంది. వాటా అంటే నష్టంలోనూ పాలు పంచుకోవడం. మిషను తిరగకముందే సొమ్ము వస్తుంది, వడ్డీ మీటరు తిరగదు. నా లెక్కలో అన్నిటికన్నా మర్యాదైన సాయం అది. అయితే అది మిల్లుల స్థాయికే దక్కింది. ఒక లేత్ పెట్టుకునేవాడికి వాటా కొనేవాళ్లు అప్పుడూ లేరు.

స్వతంత్రం వచ్చాక ఢిల్లీ పన్ను వైపు నుంచి వచ్చింది. 1949లో ఆదాయపు పన్ను చట్టంలో 15సి సెక్షను చేర్చారు. కొత్త పరిశ్రమకు పెట్టుబడి మీద 6 శాతం వరకు లాభానికి అయిదేళ్లు పన్ను లేదు. 1961 చట్టంలో అదే 84 అయింది, తర్వాత 80జె అయింది. మా ఆఫీసులో దాన్ని ‘ట్యాక్స్ హాలిడే’ అని అనేవాళ్లం. సెలవు బాగానే ఉంది. కానీ లాభం వచ్చినవాడికే పన్ను, పన్ను ఉన్నవాడికే సెలవు. నేను పద్దులు రాసిన షెడ్లలో మొదటి రెండేళ్లు లాభం చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వాడుకోని మినహాయింపు మిగిలితే తర్వాతి ఏళ్లకు తీసుకెళ్లే వీలు 80జె ఇచ్చింది, అది కొంత మేలు.

ఆ మేలుకూ ఒక మెలిక పడింది. పెట్టుబడి అంటే ఏది? సొంత డబ్బా, అప్పు తెచ్చినదీ కలిపేనా? అప్పును తీసేయాలని రూలు చెప్పింది. కొన్ని హైకోర్టులు ఆ రూలు చెల్లదన్నాయి. 1980లో పార్లమెంటు చట్టాన్నే సవరించి, 1972 నుంచే అలా ఉన్నట్టు లెక్కపెట్టమంది. 1985లో లోహియా మెషీన్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మా టర్నరు నాలుగు లక్షల్లో మూడు లక్షలు అప్పే. అప్పు కలిపితే ఏడాదికి 24,000 మినహాయింపు, తీసేస్తే 6,000. సొంత డబ్బు లేకుండా సాహసించినవాడికి నాలుగో వంతు. నాన్నగారి ఆస్తితో దిగినవాడికి పూర్తి వాటా. ఇది న్యాయమని నేను అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

రాష్ట్రం సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1968 సెప్టెంబరు 30న ఒక ప్రకటన చేసింది. 1969 జనవరి 1 తర్వాత ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త పరిశ్రమలకు అయిదేళ్లపాటు అమ్మకం పన్ను వాపసు, కరెంటు బిల్లులో కొంత సబ్సిడీ, నీటి పన్నులో మినహాయింపు. మంచి ఉద్దేశమే. హైదరాబాదు కంపెనీ సాహ్నీ స్టీల్ అండ్ ప్రెస్ వర్క్స్‌కు అలా డబ్బు తిరిగి వచ్చింది. ఆదాయపు పన్ను శాఖ, ఇది ఆదాయమే, పన్ను కట్టమంది. పరిశ్రమ పెట్టడానికి ఇచ్చిన మూలధన సాయమిది అని కంపెనీ అంది. సుప్రీంకోర్టు దాకా నడిచి 1997లో తీర్పు వచ్చింది. ఉత్పత్తి మొదలయ్యాక, వ్యాపారం నడపడానికి ఇచ్చిన సాయం కాబట్టి అది ఆదాయమే అన్నారు. ఆ తీర్పు నకలు మా ఆఫీసులో సైక్లోస్టైల్ చేసి పార్టీలకు పంచాం. నాకు అందులో కనిపించింది పన్ను ఒక్కటే కాదు. సాయం స్వభావాన్ని తేల్చేది దాని ఉద్దేశమేనని దేశంలో అన్నిటికన్నా పెద్ద న్యాయస్థానం చెప్పింది, ఆ ఉద్దేశాన్ని చూసేటప్పుడు సాయం ఉత్పత్తి మొదలయ్యాకే వచ్చిందన్నదాన్నీ లెక్కలోకి తీసుకుంది. ఎప్పుడు వచ్చిందన్నది ఎంత ముఖ్యమో నాకు టర్నరు షెడ్డులోనే అర్థమైంది.

రాయితీకి కాలంతో పాటు ఒక గీత కూడా ఉంటుంది. వెనకబడిన ప్రాంతాలకు కేంద్ర సబ్సిడీ 1971లో పది శాతంతో మొదలై, 1973లో పదిహేను అయింది. మెదక్ వెనకబడిన జిల్లా, హైదరాబాదు కాదు. పటాన్‌చెరు అప్పట్లో మెదక్ జిల్లాలో ఉండేది, కానీ నగరానికి ఆనుకునే ఉంది. కార్మికులు సిటీ బస్సులో వెళ్లి రావచ్చు, సబ్సిడీ మాత్రం వెనకబడిన జిల్లాది. పరిశ్రమలు ఆ గీత దాటగానే ఆగిపోయాయి. మెదక్‌లో లోపల ఉన్న తాలూకాలకు చేరలేదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం మందుల కంపెనీలతో, రసాయనాలతో నిండిపోయాయి. నక్కవాగు నీళ్లు రంగు మారాయి. పొలాలు పోయిన రైతుల తరఫున 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఆ కంపెనీల్లో కొన్నిటి ఫైళ్లకు నేనే ట్యాగు కట్టాను. జిల్లా పేరు రాసే గడిలో ‘మెదక్’ అని నింపేటప్పుడు ఆ వాగు నాకు గుర్తు రాలేదు. రావలసింది.

డబ్బు ఊసు లేని ఒక ప్రయత్నం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన కాకినాడవాళ్లతో జరిగింది. 1964లో డేవిడ్ మెక్లెలాండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషిలో సాధించాలన్న పట్టుదలను శిక్షణతో పెంచవచ్చునని నమ్మి, కాకినాడ వ్యాపారులను బృందాలుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించాడు. పోల్చి చూడటానికి ఏ శిక్షణా ఇవ్వకుండా ఎంచుకున్న ఊరు మా రాజమండ్రి. శిక్షణ పొందినవాళ్లు ఆ తర్వాత ఎక్కువ చురుగ్గా వ్యాపారం పెంచుకున్నారని అతను రాశాడు. మేలే. పట్టుదల మా టర్నరుకూ దండిగా ఉండేది. ప్రోనోటు మీద సంతకం చేయించింది ఆ పట్టుదలే.

కేంద్ర సబ్సిడీ 1988 సెప్టెంబరుతో ఆగిపోయింది. టర్నరు అంతకుముందే షేపరు అమ్మేశాడు. లేత్‌లు రెండూ ఉంచుకుని జాబ్ వర్కు చేస్తూ పిల్లల్ని చదివించాడు. షెడ్డు మూతపడలేదు, పెరగనూ లేదు.

2016 జనవరిలో స్టార్టప్ ఇండియా అన్నారు. ఇప్పుడైతే మొదటి పదేళ్లలో ఏవైనా వరస మూడేళ్లు లాభం మీద పన్ను లేదు, ఆ మూడేళ్లూ ఏవో కంపెనీయే ఎంచుకోవచ్చు. 80జె రోజులతో పోలిస్తే ఇది ముందడుగే. అయినా గుర్తింపు పొందిన సంస్థలు లక్ష దాటితే, ఈ పన్ను సర్టిఫికెట్ అందుకున్నవి వేలల్లోనే. పెట్టుబడి పెట్టినవాళ్లు వాటాకు ఎక్కువ ధర ఇచ్చారని ఆ తేడా మీద కంపెనీకి 2012లో వేసిన పన్నును ఎత్తేయడానికి 2024 దాకా పట్టింది.

నా కళ్లు నిలిచింది మాత్రం 2021లో వచ్చిన సీడ్ ఫండ్ పథకం మీద. 945 కోట్లు. నమూనా తయారీకి, పరీక్షలకు ఇరవై లక్షల దాకా గ్రాంటు, ఇంక్యుబేటరు ద్వారా, పని సాగే కొద్దీ విడతలుగా. అమ్మకాలు మొదలుకాకముందే. 1922 చట్టం చెప్పిన పసితనానికి నిజంగా సరిపడే సాయం నా ఎరుకలో ఇదే.

మా అపార్ట్‌మెంట్లో పై అంతస్తు అమ్మాయి చిరుధాన్యాల పొట్టు తీసే చిన్న మిషను తయారుచేస్తోంది. ఆమె కాగితాలు నేనే చూశాను. ఒక సాయంత్రం ఫోను పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. మొదటి విడత ఖాతాలో పడింది. ఇంకా ఒక్క మిషనూ అమ్మలేదు, ఎక్కడా అప్పు చేయలేదు. ఆ మెసేజిని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను.

“తాతగారూ, దీన్ని ఆదాయంలో చూపించాలా?” అని అడిగింది.

కూర్చోమ్మా అని అలమారలోంచి పుస్తకం తీశాను. 2015లో ఆదాయం నిర్వచనాన్నే మార్చి, ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీలూ గ్రాంట్లూ ఆదాయమేనని చేర్చారు. ఆస్తి ధరలోంచి తగ్గించి చూపే భాగం మాత్రం దానికి బయట. ఆమె కొన్న బిల్లులన్నీ తెమ్మన్నాను. ఏది ఆస్తి, ఏది ఖర్చు అని విడదీస్తూ ఇద్దరం రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చున్నాం. మిషను బిల్లు మీది నంబరును ప్లేటు మీది నంబరుతో సరిచూసి రమ్మని ఆమెను మళ్లీ పైకి పంపాను.