మూన్ క్లిప్, స్పీడ్ లోడర్

రివాల్వర్ సిలిండర్‌లోని గదులన్నిటినీ ఒక్క ఊపులో తూటాలతో నింపడానికి వాడే సాధనాలివి. మూన్ క్లిప్ ఒక పలుచని ఉక్కు రేకు. తూటాల అడుగున ఉండే గాడిని పట్టుకుని, వాటితోపాటే సిలిండర్‌లోకి చేరి అక్కడే ఉండిపోతుంది. స్పీడ్ లోడర్ మాత్రం తూటాలను గదుల్లోకి వదిలి చేతిలోనే మిగులుతుంది. రెండింటి గుణదోషాలన్నీ ఈ తేడా నుంచి పుట్టినవే.

తూటాలు ఒకేసారి నింపాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండ్‌లో ప్రిడో అనే ఆయన వెబ్లీ రివాల్వర్ల కోసం చేసిన లోడర్‌కు 1893లోనే పేటెంట్ వచ్చింది. మూన్ క్లిప్ పుట్టడానికి మాత్రం తుపాకుల కొరతే కారణం. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేనాటికి సైన్యానికి సరిపడా ఎం1911 పిస్టళ్లు లేవు. దాంతో కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీలు అదే .45 ఏసీపీ తూటాను కాల్చే ఎం1917 రివాల్వర్లు తయారుచేశాయి. చిక్కంతా ఆ తూటాతోనే వచ్చింది. అది పిస్టల్ తూటా. రివాల్వర్ తూటాకు ఉన్నట్టు బయటికి పొడుచుకొచ్చిన అంచు దానికి ఉండదు. అంచు లేకపోతే ఖాళీ షెల్స్‌ను బయటికి తోసే ఎక్స్‌ట్రాక్టర్‌కు పట్టు దొరకదు. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ మూడు తూటాలను పట్టే హాఫ్ మూన్ క్లిప్‌తో దీన్ని పరిష్కరించింది. అలాంటి రెండు క్లిప్పులు పెడితే సిలిండర్ నిండుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ ఆ రేకును నెడితే షెల్స్ దానితోపాటే ఊడొస్తాయి. క్లిప్ లేకుండా కాలిస్తే మాత్రం షెల్స్‌ను ఒక్కొక్కటిగా పుల్లతో పొడిచి తీయాల్సిందే. తొలినాటి కోల్ట్ రివాల్వర్లలో అదీ కుదరదు. వాటి గదుల్లో తూటాను ఆపే మెట్టు లేదు కాబట్టి, క్లిప్ లేని తూటా లోపలికి జారిపోయేది. క్లిప్ బెడద తప్పించడానికి 1920లో అంచు ఉన్న .45 ఆటో రిమ్ తూటా వచ్చింది. ఆరు తూటాలనూ ఒకే రేకులో పట్టే ఫుల్ మూన్ క్లిప్ తర్వాతి కాలానిది.

స్పీడ్ లోడర్ పోలీసుల చేతిలో రాణించింది. హెచ్‌కేఎస్ రకంలో మీటను తిప్పాలి, సఫారీలాండ్ రకంలో నొక్కితే చాలు. దాని విలువ ఎంతటిదో 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని న్యూహాల్ దగ్గర జరిగిన కాల్పుల్లో తెలిసింది. ఆ ఘటనలో నలుగురు హైవే పెట్రోల్ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఒకరు రివాల్వర్‌లో తూటాలు ఒక్కొక్కటే నింపుకుంటూ ఉండగా హతుడయ్యాడు. ఆ తర్వాత ఆ శాఖ తన సిబ్బందికి స్పీడ్ లోడర్లు ఇచ్చింది.

వేగంలో మూన్ క్లిప్‌దే పైచేయి. నింపడమే కాదు, ఖాళీ షెల్స్‌ను ఒక్క నెట్టులో దించడంలోనూ దాని బలం కనిపిస్తుంది. అయితే రేకు కాస్త వంగినా సిలిండర్ సరిగా తిరగదు, ట్రిగ్గర్ బరువెక్కుతుంది. అందుకే పోటీ షూటర్లు ప్రతి క్లిప్పునూ సిలిండర్‌లో పెట్టి, తిప్పి చూశాకే బెల్టుకు తగిలిస్తారు. జేబులో పడేసుకుని తిరిగేవారికి స్పీడ్ లోడరే నమ్మకమైనది. పైగా మూన్ క్లిప్ పెట్టాలంటే సిలిండర్ వెనుక భాగాన్ని రేకు మందం మేరకు చెక్కి ఉండాలి. స్పీడ్ లోడర్‌కు ఆ మార్పు అక్కర్లేదు.

1999లో అమెరికన్ షూటర్ జెర్రీ మిక్యులెక్ స్మిత్ అండ్ వెస్సన్ 625 రివాల్వర్‌తో ఆరు తూటాలు కాల్చి, మూన్ క్లిప్‌తో మళ్లీ నింపి, మరో ఆరు కాల్చడానికి 2.99 సెకన్లే తీసుకున్నాడు.