ఐర్లండ్‌లో డీజిల్ లెక్క: గ్లిమ్మర్ మ్యాన్ నుంచి ట్రాకర్ దాకా

ఈసారి కొంచెం పెద్ద పోస్టు. డ్యూటీ దిగాక టీ పెట్టుకుని చదవండి.

పోయినసారి వ్యాన్ ట్రాకర్ గురించి మేము రెండు లైన్లు రాస్తే చాలామంది ఒకటే అడిగారు, "అసలు ఈ పెట్టె ఎవడు కనిపెట్టాడన్నా?" అని. ఏ ఒక్కడో కనిపెట్టింది కాదు. కానీ మనం ఇప్పుడు బతుకుతున్న ఈ దేశానికి ఆ కథలో పెద్ద చోటే ఉంది. దానికో కారణం కూడా ఉంది.

ఐర్లండ్‌కి సొంత చమురు లేదు. బొగ్గు ఉన్నా అంతంత మాత్రం. ఎక్కువగా ఉన్నది టర్ఫ్. బురదనేలల్లోంచి ఇటుకల్లా కోసి, మన పిడకల్లా ఎండబెట్టి పొయ్యిలో వేసుకుంటారే, అది. మిగతా ఇంధనం చాలావరకు బయటి నుంచి రావాల్సిందే. కార్క్ దగ్గర వైట్‌గేట్‌లో 1959లో రిఫైనరీ పెట్టుకున్నారు, దేశం మొత్తానికి అదొక్కటే. దాంట్లో పోసే క్రూడూ బయటిదే. చేతిలో లేని సరుకుని మనిషి గీచిగీచి లెక్కపెడతాడు కదా. ఇక్కడ జరిగింది అదే.

రెండో ప్రపంచయుద్ధాన్ని ఇక్కడివాళ్లు యుద్ధం అనరు, "ఎమర్జెన్సీ" అంటారు. (మన 1975 ఎమర్జెన్సీ వేరు, కంగారు పడకండి.) ఐర్లండ్ యుద్ధంలో చేరలేదు. కానీ ఓడలు బ్రిటన్‌వి, బొగ్గు బ్రిటన్‌ది, పెట్రోలూ వాళ్ల దయే. 1941 మొదట్లో పెట్రోలు కోటా ఒక్కసారిగా కోసేశారు. పోనుపోను ప్రైవేటు కార్లు రోడ్డెక్కడమే దాదాపు ఆగిపోయింది. బొగ్గుకి బదులు టర్ఫ్ తెచ్చి డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో రోడ్డు పొడవునా గుట్టలు పోశారు. మనం ఆదివారాలు జింకల్ని చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్లే పార్కే అది.

వంట గ్యాసు కూడా బొగ్గు నుంచి తీసేదే కాబట్టి డబ్లిన్‌లో గ్యాసుకి వేళలు పెట్టారు. సరఫరా ఆపాక కూడా పైపుల్లో కాస్త మిగిలేది. వెలిగిస్తే మిణుకు మిణుకుమనే మంట. దాన్నే "గ్లిమ్మర్" అన్నారు. ఆ మంట మీద టీ కాచుకోవడం నేరం. పట్టుకోడానికి గ్యాస్ కంపెనీ ఇన్‌స్పెక్టర్లు ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. జనం వాళ్లకి పెట్టిన పేరు గ్లిమ్మర్ మ్యాన్. వాళ్ల దగ్గరున్న పరికరం ఏమిటంటే అరచెయ్యి. వంటింట్లోకొచ్చి బర్నర్ మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉందో లేదో చూసేవాడు. వీధి మొదట్లో కనబడగానే పిల్లలు పరిగెత్తి ఇళ్లన్నిటికీ చెప్పేసేవాళ్లు. మా లెక్కలో ఈ దేశపు మొదటి ఫ్యూయల్ సెన్సర్ ఆయన చెయ్యే. ఇప్పటి పెట్టెకీ ఆయనకీ తేడా ఒకటే, ఆయన వస్తున్నాడని ముందే తెలిసేది.

అదే రోజుల్లో రైళ్ల అవస్థ చూడండి. దొరికింది పొడిబొగ్గు. ఇంజన్ పొయ్యిలో చిట్టెం కట్టి నిప్పు ఊపిరాడక చచ్చేది. దారి మధ్యలో ఆపి, గీకి, మళ్లీ రాజేసుకుని కదలాలి. ఇప్పుడు రెండున్నర గంటల్లో వెళ్లొచ్చే డబ్లిన్–కార్క్ ప్రయాణానికి అప్పుడు ఒక్కోసారి దాదాపు రోజంతా పట్టేది. ఆ కరువులో కూడా నిలబడిన బళ్లు కొన్ని ఉన్నాయి. డ్రమ్ రైళ్లు.

జేమ్స్ డ్రమ్ కౌంటీ డౌన్‌లో పుట్టిన కెమిస్టు. నికెల్, జింకు వాడి త్వరగా చార్జయ్యే బ్యాటరీ తయారుచేశాడు. అప్పటికి షానన్ నది మీద ఆర్డ్‌నక్రుషా జలవిద్యుత్ కేంద్రం (1929) కొత్తగా మొదలైంది. ఆ కరెంటుతో రైలు నడిపితే బొగ్గు కోసం ఎవర్నీ దేబిరించక్కర్లేదు కదా అని ప్రభుత్వం డబ్బు పెట్టింది. 1932 నుంచి డబ్లిన్–బ్రే మధ్య బ్యాటరీ రైలు నడిచింది. తర్వాత మొత్తం నాలుగయ్యాయి. 1932 అంటే హైదరాబాదులో నిజాం సర్కారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన ఏడాది కూడా. ఇది ఊరికే గుర్తొచ్చి రాశాం.

డ్రమ్ రైల్లో మాకు నచ్చింది బ్యాటరీ ఒక్కటే కాదు. రెండు చివరలా చార్జింగ్ పెట్టారు. బండి ఎంతసేపు ఆగాలి, మళ్లీ ఎప్పుడు కదలాలి అన్నది బ్యాటరీలో మిగిలిన శక్తిని బట్టే టైం టేబుల్లో రాసుకోవాలి. అంటే లెక్క యంత్రం అవసరం చుట్టూ తిరిగింది. డ్రైవరు తొందరపెడితే చార్జి ఎక్కదని అందరికీ తెలుసు. 1949లో ఆపేశారు. బ్యాటరీలు తీసేసి ఆ పెట్టెల్ని మామూలు బోగీల్లా వాడుకున్నారు. ఎనభై ఏళ్ల తర్వాత లోకమంతా బ్యాటరీ బస్సులంటుంటే, ఇక్కడ ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. పాపం అనిపిస్తుంది.

ఇప్పుడు సరిహద్దు దాటి ఉత్తరానికి పోవాలి, ఎందుకంటే మెయింటెనెన్స్ షెడ్యూల్ కథ అక్కడి విమానాలతో ముడిపడి ఉంది. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌ది, యుద్ధంలో ఉంది. అట్లాంటిక్‌లో జర్మన్ సబ్‌మెరైన్లని వేటాడే కోస్టల్ కమాండ్ విమానాలు నట్స్ కార్నర్, బల్లీకెల్లీ, కాజిల్ ఆర్చ్‌డేల్ నుంచి లేచేవి. 1941 జూన్‌లో నట్స్ కార్నర్‌లో 120 స్క్వాడ్రన్ లిబరేటర్ విమానాలతో మొదలైంది. సముద్రం నడుమన ఏ విమానమూ అందుకోలేని చోటికి అవి వెళ్లగలిగేవి. లాఖ్ ఎర్న్ నుంచి లేచే విమానాలకి డొనెగాల్ మీదుగా దారి ఇచ్చింది తటస్థ ఐర్లండే, చప్పుడు చేయకుండా.

విమానాలేమో తక్కువ. సగం రోజులు షెడ్డులోనే. రోజూ ముప్పాతిక వంతు విమానాలు సిద్ధంగా ఉండాలని పైవాళ్ల రూలు. బాగుంది కదా అనిపిస్తుంది. లెక్క చూడ్డానికి కోస్టల్ కమాండ్ కొందరు శాస్త్రవేత్తల్ని పెట్టుకుంది. వాళ్లలో సెసిల్ గోర్డన్, సి.హెచ్. వాడింగ్టన్ ఇద్దరూ జీవశాస్త్రవేత్తలు, ఇంజనీర్లు కారు. వాళ్లు చెప్పింది వింటే పైవాళ్లకి తలతిరిగి ఉంటుంది. ముప్పాతిక విమానాలు సిద్ధంగా నిలబడ్డాయంటే వాటిని సరిగ్గా ఎగరనివ్వట్లేదనే అర్థం. ఎక్కువ ఎగరనివ్వండి, రిపేరుకి క్యూ కట్టినా ఫరవాలేదు, మెకానిక్‌లు ఖాళీగా ఉండకుండా పని పంచండి అన్నారు.

రెండోది ఇంకా విచిత్రం. ప్రతి 50 గంటలకోసారి విమానాన్ని విప్పి తనిఖీ చేసేవాళ్లు. ఏ విమానం ఎప్పుడు చెడింది అని గీత గీసి చూస్తే, తనిఖీ అయిన వెంటనే ఎక్కువ చెడుతోంది, తర్వాత తర్వాత తగ్గుతోంది! బాగున్న భాగాన్ని విప్పి బిగించడంలోనే తేడా వస్తోంది. తనిఖీల మధ్య గడువు పెంచి, పనికిరాని విప్పుడు మానేశాక అవే విమానాలు చాలా ఎక్కువ గంటలు ఎగిరాయి. వాడింగ్టన్ రాసిన పుస్తకం రహస్యం పేరుతో ఆగిపోయి 1973లో గానీ అచ్చు కాలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పేవాళ్లు దీన్ని "వాడింగ్టన్ ఎఫెక్ట్" అంటారు.

దీంట్లో మేము పట్టుకున్న ముక్క ఇది. ఇన్ని విమానాలు చెడుతున్నాయని తెలిశాక "ఏ మెకానిక్ చేశాడు, పేరు చెప్పు" అనడం తేలిక. వాళ్లు షెడ్యూల్నే అనుమానించారు. యుద్ధం మధ్యలో, పైఅధికారి ఎదుట.

సరే, మళ్లీ దక్షిణానికి. ఇక్కడ ట్రాక్టర్లకి అమ్మే డీజిల్ మీద పన్ను తక్కువ, అందుకని దాంట్లో ఆకుపచ్చ రంగు కలుపుతారు. ఉత్తరాన అదే ఎర్ర రంగు. మన రేషన్ కిరోసిన్ నీలం లాగా. రంగు తీసేసి రోడ్డు డీజిల్‌గా అమ్మడం సరిహద్దు జిల్లాల్లో పెద్ద దందా అయింది. దీన్ని ఇక్కడ "లాండరింగ్" అంటారు, అంటే ఉతకడం. యాసిడ్‌తోనో, పిల్లులు దొడ్డికెళ్లే డబ్బాలో పోసే మట్టితోనో రంగు పీల్చేసి, మిగిలిన విషపు జిడ్డుని రాత్రిపూట లౌత్, మోనహన్ రోడ్ల పక్కన వదిలేసి పోయేవాళ్లు. ఎత్తిపోసే ఖర్చు కౌన్సిల్‌ది, అంటే జనానిది. ఆ డీజిల్ పోయించుకున్న అమాయకుల ఇంజన్లు కూడా పోయాయి. చివరికి 2015 ఏప్రిల్‌లో డబ్లిన్, లండన్ రెండూ కలిసి కొత్త మార్కర్ పెట్టాయి. కంటికి కనపడదు, మట్టికి అంటదు, పరికరానికి మాత్రం దొరుకుతుంది. దాంతో ఉతికేవాళ్ల పని దాదాపు అయిపోయింది. మనదేశంలో కూడా 2006లో కిరోసిన్‌లో ఇలాంటి మార్కరే కలిపి, రెండు మూడేళ్లకే ఆపేశారు. ఇక్కడ నిలబడింది, అక్కడ నిలబడలేదు. ఎందుకో మీకే తెలుసు.

ఇక పెట్టె. పాత లారీల్లో ట్యాంకులో తేలే బుడ్డి, దానికో ముల్లు, అంతే. గుంటలో ఊగినా, ఎత్తు ఎక్కినా ముల్లు అబద్ధం చెప్పేది. (ఇప్పటికీ ట్యాంకు సెన్సర్‌కి ఆ జబ్బు ఉంది. విక్లో కొండలెక్కితే "డీజిల్ దొంగతనం" అని అలారం కొట్టిన బండి మాకు తెలుసు.) ఇంజన్ కంప్యూటరు వచ్చాక ఎంత డీజిల్ చిమ్ముతోందో అదే చెబుతుంది. 2002లో ఆరు యూరప్ లారీ కంపెనీలు ఆ సమాచారాన్ని బయటి పరికరాలకి ఒకే పద్ధతిలో ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, ఎఫ్‌ఎంఎస్ అంటారు దాన్ని. 2004లో డబ్లిన్‌లో ఫ్లీట్‌మ్యాటిక్స్ అనే కంపెనీ పుట్టింది. పెద్ద లారీ కంపెనీల కోసం కాదు, నాలుగైదు వ్యాన్లున్న ప్లంబర్లు, కరెంటు పనివాళ్ల కోసం. నెలకింత కట్టు, బండి ఎక్కడుందో, ఎంత తాగిందో, సర్వీసు ఎప్పుడో తెరమీద చూసుకో. 2012లో న్యూయార్క్ షేర్ మార్కెట్ ఎక్కింది. 2016లో వెరైజన్ సుమారు 240 కోట్ల డాలర్లకి కొనేసింది. అప్పటికి దాని పెట్టెలు 7 లక్షలకి పైగా బళ్లలో ఉన్నాయి. సొంత చమురు చుక్క లేని దేశం చమురు లెక్కపెట్టి అమ్ముకున్న సొమ్ము అది.

మేము పెట్టెకి వ్యతిరేకం కాదు. మాలో ఒకరి నాన్న ఆర్టీసీ డ్రైవరు. కేఎంపీఎల్ అనే మాట వింటూ పెరిగినవాడు, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లని. అక్కడ డ్రైవరు డిపోకొచ్చి "బండి లాగట్లేదు" అని రాసేవాడు. లెక్క అడిగినవాళ్లే ఆ రాత చదవాలి.

ఇక్కడ మా ఇంట్లో ఇద్దరం చల్ల సరుకు వ్యాన్లు నడుపుతాం. చిన్న వ్యాన్లలో ఫ్రిజ్ ఇంజన్ మీదే తిరుగుతుంది, ఇంజన్ ఆపితే పాలు, మాంసం వేడెక్కుతాయి. కానీ రిపోర్టులో అది "అనవసరంగా ఆన్‌లో ఉంచిన సమయం". ఇంకో బండి డీజిల్ ఎక్కువ తాగుతోందని రెండు నెలలు మావాడి మీదే పడ్డారు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతున్నావన్నారు. కంపెనీ పేరు వద్దులెండి. తీరా చూస్తే పొగగొట్టంలో మసి ఫిల్టర్ మూసుకుపోయింది. సిటీలో ఆగుతూ ఆగుతూ తిరిగే డీజిల్ బండికి అది మామూలు జబ్బు. తమాషా ఏమిటంటే ఆ వార్నింగ్ ఈ పెట్టెలోనే ఆరు వారాలుగా ఉంది. మైలేజీ కాలమ్ చూసినవాళ్లు పక్క కాలమ్ చూడలేదు.

మాకెలా తెలిసిందంటే, అడిగాం. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ ప్రకారం మన గురించి రాసుకున్నది మనం అడిగితే కంపెనీ సాధారణంగా నెలలోపు ఇవ్వాలి. ట్రాకర్ ఉందని, దేనికి వాడుతున్నారని ముందే చెప్పాలి కూడా. సొంత పనికి వాడుకోనిచ్చే బండైతే ఆ టైంలో ఆపుకునే వీలుండాలని ఇక్కడి డేటా ప్రొటెక్షన్ కమిషన్ చెబుతోంది. ఒక పేజీ ఈమెయిల్, అంతే. లాయరు అక్కర్లేదు, గొడవ అక్కర్లేదు. మావాడికి వచ్చిన కాగితాలు పట్టుకెళ్లి సూపర్‌వైజర్ ముందు పెడితే మర్నాడే బండి గ్యారేజీకి పోయింది.

ఆ ఈమెయిల్ నమూనా మా దగ్గరుంది, ఇంగ్లీషులోనే. కావాల్సినవాళ్లు ఇన్‌బాక్స్‌లో అడగండి. అడిగేటప్పుడు "ఇంజన్ ఫాల్ట్ కోడ్‌లు, సర్వీస్ అలర్టులు కూడా" అని విడిగా రాయడం మర్చిపోకండి. అలా రాయకపోతే మైలేజీ కాగితం ఒక్కటే పంపి ఊరుకుంటారు.