లిపోపాలీశాకరైడ్

లిపోపాలీశాకరైడ్ అనునది ఇ.కోలై, సాల్మొనెల్లా వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా యొక్క వెలుపలి పొరలో ఉండే కొవ్వు, చక్కెరల సంయుక్త పదార్థము. దీనినే ఎండోటాక్సిన్ (అంతర్విషము) అని కూడా అంటారు. కలరా క్రిమిపై పరిశోధించిన జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ 1892లో ఈ విషాన్ని గుర్తించాడు. నిజానికి ఈ పదార్థం కంటే దానికి మన శరీరం ఇచ్చే ప్రతిస్పందనే ఎక్కువ హాని చేస్తుంది.

క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాల పైపొరలో సీడీ14 అనే ప్రోటీను ఉంటుంది. అది ఈ పదార్థాన్ని అందుకొని ఎండీ-2, టీఎల్ఆర్4 అనే జంట గ్రాహకానికి అందిస్తుంది. అంతవరకు కణం లోపల ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీను, ఐ-కప్పా-బి అనే నిరోధకానికి కట్టుబడి ఉంటుంది. గ్రాహకం నుండి సంకేతం రాగానే నిరోధకం నశిస్తుంది. బంధం వీడిన ఎన్ఎఫ్-కప్పా-బి కేంద్రకంలో ప్రవేశించి టీఎన్ఎఫ్, ఇంటర్ల్యూకిన్-6 వంటి వాటి జన్యువులను మేల్కొలుపుతుంది. వింత ఏమిటంటే, ఆ జన్యువులలో ఐ-కప్పా-బి జన్యువు కూడా ఒకటి! తన సంకెళ్ళను తానే చేయించుకుంటుందన్నమాట.

సీ3హెచ్/హెచ్ఈజే అనే జాతి చిట్టెలుకలు, ఇతర చిట్టెలుకలను చంపే మోతాదు ఎండోటాక్సిన్‌ను కూడా తట్టుకుంటాయి. వీటి టీఎల్ఆర్4లో 712వ స్థానాన ప్రొలీన్‌కు బదులు హిస్టిడిన్ ఉన్నదని 1998లో అమెరికాలో బ్రూస్ బాయిట్లర్ బృందం కనుగొన్నది. ఆయన 2011 నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. అయితే ఇవే చిట్టెలుకలు సాల్మొనెల్లా సోకితే సులువుగా చనిపోతాయి. ఈ గ్రాహకాన్ని అడ్డగించే ఎరిటోరాన్ అనే మందు, తీవ్రమైన సెప్సిస్ రోగులలో మరణాలను తగ్గించలేదని 2013లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.