చెయ్యి ఆపుడు నేర్చినంకనే కత్తెర

జర దగ్గరికి జరుగు బిడ్డా, మంట అటు దిక్కే పోతున్నది. ఈ ఏడు అడిక్‌మెట్ల చలి గట్టిగనే ఉంది. మీ అమ్మ చెప్పింది, నర్సరీల అప్రెంటిస్ కింద చేరుతున్నవట గదా. చదువుకున్న ఆడపిల్లకు మట్టి పిసుకుడేందని పొద్దటి సంది గునుస్తున్నది. గునగనీ. నేను నిన్ను ఆపను, పొమ్మని తరమను. నా కాలంల ఈ పని ఎట్ల నేర్చుకున్నమో చెప్త, విని నువ్వే తేల్చుకో.

నువ్వు కూసున్న ఈ జాగ ఒకప్పుడు జాగీరు. మహలఖా బాయి చందా అని ఉర్దూల గజళ్లు రాసినామె ఉండె. రెండో నిజాం ఆమెకు ఇచ్చిన జాగీర్లల్ల మన అడిక్‌మెట్ ఒకటి. 1824ల కాలం చేసింది, సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది తర్వాత. 1918ల మొదలైనప్పుడు అది ఈడ లేదు, గన్‌ఫౌండ్రీ దిక్కు ఇండ్లల్ల నడిచింది. ప్యాట్రిక్ గెడ్డెస్ అని ఒక స్కాట్లాండ్ పెద్దమనిషి యూనివర్సిటీకి ఏది మంచిదని జాగలన్నీ తిరిగి సూసి 1923ల రిపోర్టు ఇచ్చిండు. ఊర్లు ఎట్ల కట్టాలెనో చెప్పేటోడని ఆయనకు పేరు గానీ, అసలు ఆయనది చెట్ల చదువే. డండీ కాలేజీల చాన ఏండ్లు బాటనీ చెప్పిండు. ఈ ముచ్చట నాకు మన బాటనీ డిపార్ట్‌మెంట్ సారు ఒకాయన చెప్పిండు. ‘సూసినవా, క్యాంపస్ జాగ సూసినోడు కూడ మన చెట్లోడే’ అని ఆయన మురిసిపోయేటోడు.

ఆర్ట్స్ కాలేజీకి 1934ల పునాది రాయి ఏసిండ్రు, 1939ల తెరిసిండ్రు. మా నాయిన ఆడ కంకర మోసిండు. బిల్డింగ్ లేసింది గానీ చుట్టూ ఏముంది? బండ, మొరం, నడుమ నడుమ సీతాఫలం పొదలు. ఇప్పుడు నువ్వు పొద్దుగాల వాకింగ్ పోతే కనవడే నీడంతా ఎవరో ఒకరు గడ్డపారతోని బండ పక్కన గుంత తవ్వి, మట్టి మోసి పోసి, ఎండకాలం దాటిచ్చి పెంచిందే.

నా చదువు నడుమల ఆగిపోయింది. మా నాయిన నన్ను తీస్కపోయి ఒక ద్రాక్షతోట పెద్దమాలీకి అప్పజెప్పిండు. అందరం ఆయనను ఉస్తాద్ అనేటోళ్లం. కాయితం లేదు, సంతకం లేదు. ‘పోరగాడు మీ చేతుల పెడుతున్న’ అన్నడు మా నాయిన. ‘పని వచ్చినంక పైసల ముచ్చట’ అన్నడు ఉస్తాద్. గంతే ఒప్పందం. ఆ పని ఎప్పుడొచ్చినట్టో తేల్చేది సుత ఆయనే! చాన్నాళ్లు పూట కూడు, చాయ మీదనే గడిచింది. అది మంచి పద్ధతని నేననను. ఇంట్ల అవ్వ కష్టం చేస్తె నడిచింది గాని, లేనోళ్ల పిల్లలు నడుమలనే ఇడిసిపెట్టి పోయిండ్రు. అండ్ల మంచి చెయ్యి ఉన్నోళ్లు సుత ఉండిరి.

మొదలు నాకు ఇచ్చింది నీళ్ల పని. నీళ్లు పోసుడు గూడ ఒక పనేనా అనుకుంటవు. ఉస్తాద్ నన్ను గమ్లాల వరుస కాడ నిలవెట్టి, ఒక చిన్న కట్టె చేతికిచ్చి, ఒక్కో కుండీని మెల్లగ కొట్టుకుంట పొమ్మన్నడు. మట్టి కుండీ లోపట ఎండి ఉంటె ఖణేల్‌మంటది. తడి ఉంటె దబ్బుమని మొద్దు సప్పుడొస్తది. ఖణేల్‌మన్నదానికే నీళ్లు, మిగిలినయి తాకొద్దు. పైన మట్టి ఎండినట్టు కనవడ్డా సరే, సప్పుడు మొద్దుగొస్తె ముందుకు నడువాలె. గట్ల వందల కుండీలు కొట్టంగ కొట్టంగ, కొన్నాళ్లకు కట్టె అక్కర లేకుంట ఏలి మెటికతోనే తెలిసిపోయేది.

ఎందుకంటవా? ఏర్లకు గాలి కావాలె. మట్టి సందులల్ల ఎప్పటికీ నీళ్లే నిలిస్తె ఏరుకు ఊపిరాడది, మురుగుతది. మురిగిన ఏరు నీళ్లు గుంజలేదు గన్క ఆకులు ఏలాడుతయి. కొత్తోడు దాన్ని సూసి దూప అయితున్నదనుకొని ఇంక రెండు చెంబులు పోస్తడు. ఖతం! ‘దూపకు సచ్చిన మొక్కల కన్న నీళ్లకు సచ్చినయే ఎక్కువ’ అనేటోడు ఉస్తాద్. కాగితం పూల చెట్టు సూడు, నీళ్లు దండిగ పెడితె ఆకు ఏస్తది, జర మాడ్చితె పూస్తది. నేను అండ్ల నేర్చింది నీళ్లు పోసుడు కాదు బిడ్డా, డబ్బ చేతుల ఉండంగ చెయ్యి ఆపుకునుడు. తర్వాత నేర్చుకున్న పనులన్నింట్ల ఇదే మళ్ల మళ్ల ఎదురొచ్చింది.

మామిడి అంటు ముచ్చట చెప్త, ఇను. గప్పుడు ఇప్పటి లెక్క ప్లాస్టిక్ పట్టీలు లేవు. ఏడాది ఎదిగిన టెంక మొలక పెన్సిల్ మందం అయినంక, వానకాలంల దాన్ని కుండీతోని సహా తల్లిచెట్టు కాడికి మోస్కపోవాలె. కొమ్మ ఎత్తుల ఉంటె కట్టెలతోని మంచె కట్టి దాని మీద కుండీ పెట్టాలె. మొలక కాండం మీద రెండంగుళాల పొడుగు బెరడును, దాని కింద సన్నటి కట్టెపొరను చెక్కాలె. తల్లికొమ్మ మీద గూడ గంతే చెక్కు. కత్తి ఒక్క గుంజుడుకు రావాలె. గీకితె పనికిరాదు. రెండు చెక్కులను సందు లేకుంట కలిపి, అరటినారతోని బిర్రుగ చుట్టి, పైన మట్టి, పెండ కలిపి మెత్తాలె. గీ పని అంత సేపు పట్టది. అసలు కష్టం తర్వాత ఉంటది. రెండు మూడు నెలలు మంచె ఎక్కి కుండీకి నీళ్లు పోసుడు తప్ప దాన్ని ముట్టొద్దు.

నాతోని ఒక పోరడు పని నేర్చుకునేటోడు. మంచి ఉషారు. అతికిందా లేదా సూడాలెనని వానికి పానం ఆగలేదు. ఎవ్వరూ లేనప్పుడు నార ఇప్పిండు. అప్పుడప్పుడే కలుస్తున్న పొర ఇచ్చుకపోయింది. ఉస్తాద్ తిట్టలేదు, కొట్టలేదు. వానకాలం ఎల్లిపోయేదాంక ఆ ఎండిన మొక్కకు రోజూ వానితోనే నీళ్లు పోయించిండు. మేమంతా నవ్వినం గానీ, మళ్ల ఎవ్వరం నార ముట్టలే. అతికినంక గూడ తల్లికొమ్మను ఒక్కసారి కోసేయరు. ఇయ్యాల సగం గాటు పెడితె, కొన్ని రోజులు ఆగి మిగిలిన సగం. తల్లి మీద ఆధారం మెల్లగ తగ్గిచ్చాలె. ఇప్పుడు పదిహేను రోజుల లేత మొలక మీదనే టెంక అంటు కడుతున్నరు, మంచె లేదు, నార లేదు. గోదావరి దిక్కు కడియం, కడియపులంక పోయి సూడు, వరుసగ కూసొని ఆడోళ్లు అంటు కడుతుంటె మన కండ్లు వాళ్ల ఏళ్లను అందుకోలేవు. మీ అమ్మకు ఇది చెప్పు. ఆడపిల్లకు ఈ పనేందని అన్నది గదా!

ఇగ ద్రాక్ష. హైదరాబాద్ చుట్టూ ఉప్పల్, మేడ్చల్, శామీర్‌పేట దిక్కు పందిర్లే పందిర్లు ఉండె. పేరు మోసిన కాయ అనాబ్-ఎ-షాహీ. లేత పచ్చగ, పొడుగ్గ, గింజతోని ఉండేది. అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన తోట నుంచి అది ఊరంతా పాకిందని మాలీలు చెప్పుకునేటోళ్లు. రాజేంద్రనగర్‌ల ద్రాక్షకే ఒక రీసెర్చ్ స్టేషన్ ఉన్నదంటె ఈడ ఆ పంట ఎంత నడిచిందో సూడు.

మన దగ్గర ద్రాక్షకు ఏడాదిల రెండు సార్లు కత్తెర పడుతది. ఎండకాలంల ఒకటి రెండు కన్నులు ఇడిసిపెట్టి కోస్తరు. అక్టోబర్ల కాయ కోసం మళ్ల కోస్తరు, అప్పుడు కన్నులు ఎక్కువ ఉంచుతరు. అక్టోబర్ కత్తెరకు వచ్చే గుత్తి అక్టోబర్ల పుట్టది. ఎండకాలం కత్తెర పడ్డంక నెల, నెలన్నరకే ఆ కొత్త కొమ్మ కన్నులల్ల గుత్తి లోపల్లోపలనే తయారైతది. గప్పుడు పచ్చగ కనవడాలెనని నీళ్లు, యూరియా దండిగ పెట్టినవనుకో, కన్నుల గుత్తికి బదులు తీగ తయారైతది. అక్టోబర్ల ఎంత బాగ కోసినా ఆకే. అందుకే ఆ దినాలల్ల ఉస్తాద్ కాల్వ మలుపు కాడ తనే నిలవడేటోడు. ఎవ్వరన్న పారతోని మడ్వ తెరువబోతె ‘హాత్ రోకో’ అని కేక. రోజుకు ఎన్నిసార్లు ఆ మాట ఇన్నమో లెక్కనే లేదు. కత్తెర మాత్రం ఆయన నడుముకే ఉండేది. మడ్వ కాడ ఆగుడు వచ్చినోనికే కత్తెర ఇచ్చిండు.

బూజు తెగులుకు మేము కొట్టింది బోర్డో మందు. వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. రెండూ వేర్వేరు మట్టి గాబులల్ల కలిపి, తర్వాత ఒకటి చేయాలె. ఇనుప గాబు పనికి రాదు. సున్నం సాలిందా లేదా సూసేతందుకు మెరిసేటి ఇనుప కత్తిని ముంచి తీసేటోళ్లం. కత్తి మీద ఎర్రగ రాగి పూత పడితె సున్నం తక్కువైనట్టు, ఇంక జర కలుపాలె. అట్లనే కొడితె ఆకు మాడుతది. ఈ మందు ఫ్రాన్స్‌ల పుట్టిందని బాటనీ సారు చెప్పిండు. ఆడ బాట పొంటి ఉన్న ద్రాక్షను దొంగలు తెంపుకపోతున్నరని, ఇసమని భయపడాలెనని రైతులు నీలం మందు సల్లిండ్రట. సల్లిన తీగలకు బూజు రాకపోయేసరికి మిలార్డే అనే సైంటిస్టు దాని ఎంట వడి 1885ల మందని చెప్పిండట.

ఆ సారుతోని నాకు దోస్తీ అయింది నేను క్యాంపస్‌ల పని చేసేటప్పుడు. ఆయన పుస్తకాల పేర్లు చెప్పేటోడు, నేను ఏ చెట్టు ఎప్పుడు పూస్తదో, ఏ బండ సందుల ఏ మొక్క ఉందో చెప్పేటోణ్ని. గులాబి పోటీలకు లెక్క కట్టుడు ఆయన కాడనే నేర్చుకున్న. కత్తెర పడ్డంక పూవు ఇచ్చుకునేతందుకు నలభై ఐదు రోజులు, జర అటీటు. జనవరిల పబ్లిక్ గార్డెన్స్‌ల పూల పోటీ అంటె తారీకు నుంచి ఎనుకకు లెక్కబెట్టి కత్తెర పెట్టాలె. ఎగిర్తపడి దసరాకే కోసినోళ్ల పూలు పోటీ నాటికి రాలిపోయేటియి.

బెంగళూరు లాల్‌బాగ్ కథ గూడ సారే చెప్పిండు. క్రంబీగల్ అనే జర్మన్ మనిషి సొంత దేశంల తోటపని నేర్చి, లండన్ క్యూ తోటలల్ల మాలీగ చేసి, బరోడాకు వచ్చి, 1908ల మైసూరు రాజు కాడికి పోయిండట. లాల్‌బాగే గాదు, బెంగళూరు రోడ్ల పొంటి పూల చెట్లు ఏసుట్ల గూడ ఆయన చెయ్యి ఉంది. ఆయనకు నాకు ఎంత తేడా ఉన్నా, మొదలైంది మాత్రం మట్టి చేతులతోనే అని నాకు మస్తు ధైర్నం అనిపించింది.

నీ కాలం వేరే. 1961ల అప్రెంటిస్ చట్టం వచ్చింది. కాయితం మీద ఒప్పందం ఉండాలె, స్టైపెండ్ ఇయ్యాలె. 2016ల కేంద్రం ఇంకో స్కీమ్ తెచ్చి, ఆ పైసలల్ల కొంత సర్కారే భరించేటట్టు చేసింది. పదో తరగతి మీద రెండేండ్ల ఉద్యాన పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. 2014ల కొండా లక్ష్మణ్ పేరు మీద ఉద్యాన యూనివర్సిటీ వచ్చింది, సిద్దిపేట జిల్లా ములుగుల. 2015ల హరితహారం మొదలైనంక ఊరూర నర్సరీలు లేసినయి. తార్నాక చుట్టూనే సూడు, ఎన్.ఐ.ఎన్., ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., అన్నీ పెద్ద పెద్ద తోటలున్న జాగలే. పని తెలిసినోళ్లు ఆడ కావాలె.

అందుకే చేరేముందు మూడు సంగతులు అడుగు. ఒకటి, ఒప్పందం కాయితం ఏది, నెలకు ఎంత. నాకు లేనిది నీకు చట్టం ఇచ్చింది, మొహమాటపడి ఇడువకు. రెండు, నేర్పేది ఎవ్వరు. మేనేజర్ పేరు కాదు, అంటు కట్టే మనిషి పేరు అడుగు. మూడు, ఏడాది పొడుగునా ఆడ ఏమేం పంటలుంటయి. ఒక్క సీజన్ సూసి ఎల్లిపోతె సగం పని తెలువది. గుంతలు మే నెల ఎండల ఎందుకు తవ్వి ఖాళీగ పెడ్తరో, జూన్ వానకు ఎందుకు నింపుతరో రెండూ కండ్లతోని సూడాలె.

చేరినంక మొదటి దినాలల్ల నీళ్లు పోయుమంటరు, సంచులల్ల మట్టి నింపుమంటరు, గడ్డి పీకుమంటరు. ఇదేం నేర్పుడని నారాజు కాకు. గడ్డి పీకేటప్పుడే ఏది కలుపు, ఏది మొలక అన్నది కండ్లకు వస్తది. కాకుంటె ఏడాది గడిచినా గడ్డే పీకిస్తున్నరంటె, అది నేర్పుడు గాదు, సస్త కూలి. గప్పుడు కాయితం పట్టుకొని నిలదియ్యి. ఓపిక పట్టాల్సింది చెట్టు కాడ, యజమాని కాడ గాదు. ఈ రెండింటికీ ఫరక్ తెలువకనే మా కాలంల చాన మంది నష్టపోయిండ్రు.

సరే, లే. మంట మీద ఇంక కట్టెలు ఎయ్యకు, సాలు. పొద్దుగాల ఆరింటికే పోవాలె గదా. ఎండ ఎక్కినంక పోతె నీళ్ల పని అయిపోతది, నీకు కుండీ సప్పుడు ఇనిపిచ్చేటోళ్లు దొరకరు.