అండమాన్‌లో మతిస్థిమితం లేని నిందితుల నిర్బంధం, విడుదల: చరిత్ర

నేరం జరిగిన సమయంలో నిందితుడికి మతిస్థిమితం లేదని తేలితే కోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటిస్తుంది. అంతమాత్రాన అతను ఇంటికి వెళ్లిపోలేడు. కాపలాలో ఉంచాలా, బంధువులకు అప్పగించాలా, ఎప్పుడు వదిలిపెట్టాలి అన్న ప్రశ్నలు తీర్పు తర్వాతే మొదలవుతాయి. అండమాన్, నికోబార్ దీవుల్లోనూ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే అధికారం ఎక్కువకాలం న్యాయమూర్తుల దగ్గర కాక పాలకుల దగ్గరే ఉంది.

ఈ పద్ధతికి మూలం ఇంగ్లండ్‌లో ఉంది. 1800లో లండన్ నాటకశాలలో మూడవ జార్జ్ రాజుపై తుపాకి పేల్చిన జేమ్స్ హాడ్‌ఫీల్డ్ మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషి అయ్యాడు. అలాంటివారిని రాజుగారి ఇష్టమున్నంత కాలం బంధించి ఉంచేందుకు ఆ ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది. 1843 నాటి మెక్‌నాటన్ కేసు తర్వాత మతిస్థిమితాన్ని తేల్చే సూత్రాలు స్థిరపడ్డాయి. వాటి ఛాయలోనే 1860 భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ వచ్చింది. తాను చేస్తున్న పని స్వభావం గానీ, అది తప్పన్న సంగతి గానీ మతిస్థిమితం లేక తెలుసుకోలేనివాడు చేసింది నేరం కాదని అది చెబుతుంది.

1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస మొదలైంది. ఆ ఏడాదే భారత పిచ్చాసుపత్రుల చట్టమూ వచ్చింది. మతి చలించిన ఖైదీల కోసం పోర్ట్ బ్లెయిర్‌లోని హాడోలో పిచ్చాసుపత్రి నడిచేది.

అక్కడికి చేరినవారిలో ప్రసిద్ధుడు విప్లవకారుడు ఉల్లాస్కర్ దత్. అలీపూర్ బాంబు కేసులో ఆయనకు పడిన ఉరిశిక్ష 1909లో ద్వీపాంతరవాసంగా మారింది. 1912లో ఎండలో ఇటుక బట్టీ పని ఇక చెయ్యనని ఆయన మొండికేశారు. దాంతో చేతులకు సంకెళ్లు బిగించి నిలబెట్టే శిక్ష వేశారు. జ్వరంతో మొదలైన అస్వస్థత ఉన్మాదంగా మారింది. హాడోలో కొంతకాలం ఉంచి, 1913లో మద్రాసు పిచ్చాసుపత్రికి తరలించారు. ఆయన నిర్దోషిగా తేలినవాడు కాదు, శిక్షపడిన ఖైదీ. అయినా రోగం నయమైందా, ఇక ఎక్కడ ఉంచాలి అన్నది తేల్చింది మాత్రం ప్రభుత్వమే.

నిర్దోషుల విషయంలోనూ అదే తీరు. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం కోర్టు అలాంటి వ్యక్తిని భద్రమైన నిర్బంధంలో ఉంచమని ఆదేశించి, ప్రభుత్వానికి నివేదించాలి. అతన్ని వదిలితే తనకు గానీ ఇతరులకు గానీ హాని లేదని జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ లేదా ఆసుపత్రికి నియమితులైన అధికారిక సందర్శకులు ధ్రువీకరిస్తే, విడుదల ప్రభుత్వం చేతిలో ఉండేది. అండమాన్‌లో 1872 నుంచి ఆ పాలనకు అధిపతిగా ఉన్నది చీఫ్ కమిషనరే.

స్వాతంత్ర్యం వచ్చాక 1973లో వచ్చిన కొత్త కోడ్ 335, 338 సెక్షన్లలో దాదాపు ఈ ఏర్పాటునే కొనసాగించింది. దాని లోటు బిహార్‌లో బయటపడింది. హజారీబాగ్ సెంట్రల్ జైల్లో మతిస్థిమితం లేదంటూ ఉంచిన కొందరు ఇరవై, ముప్పై ఏళ్లుగా అక్కడే మగ్గుతున్నారని 1982లో వీణా సేథీ కేసులో సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. వారిలో కోలుకున్నవారూ ఉన్నారు. పట్టించుకునే నాథుడు లేక ఫైలు కదలలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం బయటి కన్ను ఒకటి తెచ్చింది. జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షుడిగా, మానసిక వైద్యుడు, రోగుల తరఫువారు సభ్యులుగా ఉండే సమీక్షా బోర్డులను ఏర్పాటు చేయాలంది. జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి ఆ బోర్డుకు నివేదిక పంపాలి. ప్రతి రాష్ట్రంలోనూ, కేంద్రపాలిత ప్రాంతంలోనూ కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్స కేంద్రం ఉండాలి. ఇది అండమాన్‌కూ వర్తిస్తుంది.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ పాత 84 స్థానంలో, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 374, 377 సెక్షన్లు పాత 335, 338 స్థానాల్లో అమల్లోకి వచ్చాయి. బంధువు లేదా మిత్రుడు ముందుకొచ్చి, జాగ్రత్తగా చూసుకుంటామని, అడిగినప్పుడు తనిఖీకి చూపిస్తామని పూచీకత్తు ఇస్తే ఆ వ్యక్తిని వారికి అప్పగించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. దీవుల కేసులు కలకత్తా హైకోర్టు పరిధిలోకి వస్తాయి; ఆ కోర్టు సర్క్యూట్ బెంచ్ 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది.