ముందుకు ఎవరూ రాలేదు

2011 జులై 21, గురువారం. టూర్ ద ఫ్రాన్స్‌లో ఆ రోజు 18వ అంచె. ఇటలీలోని పినెరోలోలో బయల్దేరిన సైకిళ్లు సాయంత్రానికి ఫ్రాన్స్ వైపు ఆల్ప్స్‌లో గాలిబియే కనుమ ఎక్కుతున్నాయి. గమ్యం 2,645 మీటర్ల ఎత్తున ఉంది. అప్పటివరకు టూర్ చరిత్రలో ఏ అంచె కూడా అంత ఎత్తులో ముగియలేదు.

లక్సెంబర్గ్‌కు చెందిన ఆండీ ష్లెక్ ఒక్కడే ముందున్నాడు. అతనికీ వెనకాల గుంపుకూ మధ్య నాలుగు నిమిషాలకు పైగా తేడా. ఆ గుంపుకు ముందు 34 ఏళ్ల ఆస్ట్రేలియన్ కాడెల్ ఎవాన్స్ తొక్కుతున్నాడు. ఎదురుగాలి కొడుతోంది. ఈ తేడా ఇలాగే మిగిలిపోతే టూర్ చేజారినట్టే. రోడ్డు రేసుల్లో ఇలాంటప్పుడు ముందున్నవాడు కాసేపు వెనకవాళ్లకు గాలి కాచి పక్కకు తప్పుకుంటాడు, వెనకవాడు ఆ వంతు అందుకుంటాడు. ఆ వేళ వంతు అందుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఎవరి కారణం వాళ్లకుంది. ఎవాన్స్ వెనకే ఉన్న ఫ్రాంక్ ష్లెక్ ఆండీకి సొంత అన్న. ముందు పోతున్న తమ్ముణ్ని పట్టుకోవడానికి అతను కాలు కదపడు. మొత్తం పోటీలో ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీలో ఉన్న వోక్లెర్‌కు గుంపులో నిలబడటమే గగనంగా ఉంది. ఇంకో పోటీదారు కొంతాదోర్‌లో ఆ రోజు సత్తువ లేదు.

ఆండీ మాత్రం నిజానికి అంతసేపూ ఒంటరిగా రాలేదు. అతని జట్టు ఇద్దరు సహచరులను ముందుగానే బయటికి పంపింది. గమ్యం ఇంకా 60 కిలోమీటర్లు ఉందనగా ఇజోవార్ కనుమ మీద ఆండీ ఒక్కసారిగా దూకాడు. కనుమ దిగేసరికి సహచరుడు మాక్సిమ్ మోంఫోర్ అతని కోసం కాచుకుని ఉన్నాడు. లోయ పొడవునా మోంఫోర్ గాలి కాస్తూ అతణ్ని కొండ మొదలుకు చేర్చి, శక్తి అయిపోయి వెనకబడ్డాడు. రోడ్డు సైక్లింగ్ అసలు స్వరూపం నాకు కనిపించేది ఇక్కడే. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటితే కాళ్ల బలంలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడి చక్రం వెనక దాగితే అందులో దాదాపు మూడో వంతు మిగులుతుంది. అప్పటి తొమ్మిది మంది జట్టులో ఎనిమిది మంది ఒకరి కోసం అరిగిపోయింది ఆ మూడో వంతు కోసమే.

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు ఇది చూడటానికి ఆల్ప్స్ దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి రాత్రంతా కారు నడిపి తిరిగొస్తూ ఆదివారం తెల్లవారేసరికి దేవనహళ్లి దగ్గరికి చేరితే, నంది కొండ వైపు వరుసగా పోతున్న సైకిళ్లు ఎదురవుతాయి. వాళ్లు చక్రానికి చక్రం తగిలేంత దగ్గరగా తొక్కేది గాలి నుంచి తప్పుకోవడానికి. అదే పొద్దున నగరానికి రెండో చివర, కనకపుర రోడ్డు పక్కన తురహళ్లి అడవిలో ఇంకో రకం సైక్లిస్టులు ఉంటారు. బండరాళ్లు, వేళ్లు, ఎర్రమట్టి, ఒక్క సైకిల్ పట్టేంత బాట. గంటకు 15 కిలోమీటర్లు పోతే గొప్ప. ఆ వేగంలో గాలి లెక్కలోకే రాదు. వాలు, మట్టి, చక్రం పట్టు అన్నీ తేలుస్తాయి. రోడ్డు సైకిల్ టైరు వేలెడు మందం, గాలి రాయిలా బిగించి ఉంటుంది. కొండ సైకిల్‌కు రెండంగుళాలు దాటిన టైర్లు, వాటిలో గాలి తక్కువ, ముందు సస్పెన్షన్. దిగుడులో కాళ్లకంటే ముందు చేతులూ నడుమూ అలిసిపోతాయి.

ఎవాన్స్ పుట్టింది ఆ రెండో లోకంలో. మౌంటెన్ బైకింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లో చేరిన 1996 అట్లాంటాలో 19 ఏళ్ల ఎవాన్స్ తొమ్మిదో స్థానంలో వచ్చాడు. 1998, 1999లో వరల్డ్ కప్ సిరీస్ గెలిచాడు. సిడ్నీ ఒలింపిక్స్ తర్వాత పూర్తిగా రోడ్డుకు మళ్లాడు. కొండ బాట మీద రేసు మొదలైన కాసేపటికే ఎవరి దారి వారిది. వెనక ఎవరున్నారు, ఎవరు సాయం చేస్తారు అన్న లెక్క అక్కడ పెద్దగా ఉండదు.

గాలిబియే మీద ఎవాన్స్ చేసింది అదే అని నేను నమ్ముతాను. సాయం రాదని తేలాక అడగడం మానేశాడు. చివరి పది కిలోమీటర్లు దాదాపు మొత్తం గుంపును తన వీపు వెనక పెట్టుకుని లాగాడు. ఒక్కొక్కరే రాలిపోయారు. కొంతాదోర్ కూడా జారిపోయాడు. నాలుగు నిమిషాల పైచిలుకు తేడా పైకి చేరేసరికి రెండు నిమిషాల పదిహేను సెకన్లకు దిగింది. అంతసేపూ అతని నీడన వచ్చిన ఫ్రాంక్ చివరి మెట్టులో దూకి రెండో స్థానం పట్టుకెళ్లాడు. రోడ్డు రేసులో ఇది తప్పు కాదు. అయినా చూస్తే మనసు చివుక్కుమంటుంది.

మౌంటెన్ బైక్ అంచెల రేసుల్లో పెద్దదైన దక్షిణాఫ్రికా కేప్ ఎపిక్ నిబంధనల్లో ఇలాంటి దృశ్యానికి చోటే లేదు. 2004లో మొదలైన ఆ రేసు ఎనిమిది రోజులు, ఆ రోజుల్లో సుమారు 700 కిలోమీటర్లు. టూర్ మూడు వారాల్లో సుమారు 3,400 కిలోమీటర్లు పోతుంది కాబట్టి అంకెల్లో ఇది చిన్నదిగా కనిపిస్తుంది. ఎక్కుడు మాత్రం దాదాపు 15,000 మీటర్లు, అదీ చాలావరకు మట్టిలో. దిగాల్సింది జంటలుగా. ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించి ఎడం వస్తే శిక్ష. కాబట్టి బలమైనవాడు బలహీనుణ్ని వదిలి పోలేడు, జంట వేగం అంటే వెనకవాడి వేగమే. 2011లో, 2012లో స్విట్జర్లాండ్ క్రిస్టోఫ్ సౌజర్, దక్షిణాఫ్రికా బరీ స్టాండర్ అలా కలిసి గెలిచారు. 2013 జనవరి 3న సాధన ముగించి వస్తున్న స్టాండర్ ట్యాక్సీ ఢీకొని చనిపోయాడు. అతనికి 25 ఏళ్లు. ఆ మార్చిలోనే సౌజర్ లండన్ ఒలింపిక్ విజేత యారోస్లావ్ కుల్హావీతో జతకట్టి మళ్లీ ఆ రేసుకు దిగి గెలిచాడు. జంటలో ఒకడు పోయిన రెండున్నర నెలలకు రెండోవాడు అదే మట్టిలో ఎనిమిది రోజులు ఎలా తొక్కాడన్నది నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

గాలిబియే మర్నాడు, జులై 22న రోడ్డు రేసుకూ కొండ బాటకూ మధ్య ఇంకో తేడా బయటపడింది. ఆల్ప్ ద్యుయెజ్ అంచెలో రేసు మంచి వేడి మీద ఉండగా ఎవాన్స్ సైకిల్ మొండికేసింది. ఆగాడు, మార్చుకున్నాడు, మళ్లీ వెంటాడాడు. వెనక జట్టు కారులో ఇంకో సైకిల్ సిద్ధంగా ఉంది కాబట్టి బతికిపోయాడు. కొండ బాటలోకి కారు రాదు. కేటాయించిన చోట తప్ప బయటివాళ్లు చేయి వేయకూడదు. చైన్ తెగినా టైరు చిరిగినా బాట పక్కన కూర్చుని తనే బాగుచేసుకోవాలి, లేదా జంటలోవాడు చేయాలి. హిమాచల్‌లో 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ లాంటి అంచెల రేసులకు బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లు కాళ్లతో పాటు చేతులకూ ఈ పని నేర్పుకునే వెళ్లాలి. రోడ్డు మీద రోజుల తరబడి తొక్కడం నేర్వాలంటే 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ దగ్గరలోనే ఉంది. అందులో మసినగుడి నుంచి ఊటీకి కల్హట్టి ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకు ఎక్కుడు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక 2011 టూర్‌లో జులై 23, గ్రెనోబుల్. 42.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఒక్కొక్కరే గడియారంతో పోటీపడాలి, ఎవరి వెనకా దాగకూడదు. ఆ ఉదయం ఆండీ ముందున్నాడు, ఎవాన్స్ అతనికి 57 సెకన్లు వెనక. సాయంత్రానికి ఎవాన్స్ ఆ లోటు పూడ్చి ఆండీకి నిమిషం 34 సెకన్లు ముందుకు వెళ్లిపోయాడు. టూర్ గెలిచిన తొలి ఆస్ట్రేలియన్ అయ్యాడు. ఆ అంచెలో మాత్రం అతనిది రెండో స్థానం. ఏడు సెకన్ల తేడాతో మొదట వచ్చింది జర్మనీ టోనీ మార్టిన్.

అదే టోనీ మార్టిన్ 2016 అక్టోబర్‌లో దోహాలో ప్రపంచ టైమ్ ట్రయల్ టైటిల్ నాలుగోసారి గెలిచాడు. 40 కిలోమీటర్లు 45 నిమిషాల లోపే. ఆ రోజు అదే దారి మీద బెంగళూరు ఇంజినీర్ నవీన్ జాన్ కూడా తొక్కాడు. అతనూ అర్వింద్ పన్వర్ కలిసి ప్రపంచ రోడ్ చాంపియన్‌షిప్‌లో ఎలీట్ పురుషుల విభాగంలో భారత్ తరఫున దిగిన తొలి సైక్లిస్టులయ్యారు. టైమ్ ట్రయల్‌కు జట్టు అక్కర్లేదు. ఒంటరిగా సాధన చేసేవాడికి రోడ్డు సైక్లింగ్‌లో ముందుగా తెరుచుకునే తలుపు అదే. మరుసటి ఏడాది నవీన్ ఆస్ట్రేలియా జట్టు స్టేట్ ఆఫ్ మ్యాటర్ మాప్‌లో చేరాడు. ఎవరి చక్రం పట్టాలో, ఎప్పుడు ఎవరికోసం గాలి కాయాలో పెద్ద గుంపులో రోజూ తొక్కుతూనే నేర్చుకోవాలి. నంది కొండ ఎన్నిసార్లు ఎక్కినా అది రాదు, అందుకే అతను అంత దూరం వెళ్లాల్సి వచ్చింది.