చేపముల్లు ఆకారంలో తరిగిన అడవి: రొండోనియా కథ

మా హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్లో పదో తరగతి పిల్లలు గైడు పట్టుకుని బట్టీ పడుతుంటారు. "వర్షారణ్యాల నరికివేతకు కారణాలు. ఒకటి, పోడు వ్యవసాయం. రెండు, కలప వ్యాపారం. మూడు, పశువుల మేత..." చదివేదేమో కొండపోడు చేసిన ఇళ్ల పిల్లలు. తాత చేసిన పని నేరాల పట్టికలో మొదటి వరుసలో ఉందని వాళ్లు గమనించారో లేదో గానీ, మేము గమనించాం. సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు అదే గుర్తొచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద వర్షారణ్యం అమెజాన్. అందులో రొండోనియా అనే ఒక్క రాష్ట్రంలో అడవి ఎలా పోయిందో చూస్తే ఆ పట్టిక ఎంత నిజమో తెలుస్తుంది.

రొండోనియా బ్రెజిల్‌కు పడమర వైపున, బొలీవియా సరిహద్దులో ఉంది. విస్తీర్ణం సుమారు 2,38,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కన్నా కొంచెం చిన్నది. సురుయి, ఉరు-ఎవు-వావ్-వావ్ వంటి ఆదివాసీ తెగల నేల అది. వాళ్లదీ పోడే. చిన్న చెక్క నరికి, కాల్చి, కర్రపెండలం, మొక్కజొన్న వేసుకునేవారు. కొన్నేళ్లకు దాన్ని వదిలి మరో చోటుకు వెళ్లేవారు. వదిలిన చోట అడవి మళ్లీ లేచేది. తరతరాలు ఇలా సాగినా 1970 నాటికి అక్కడ అడవి దాదాపు చెక్కుచెదరలేదు.

అప్పుడు బ్రెజిల్‌ను సైనిక ప్రభుత్వం పాలిస్తోంది. ఈశాన్యంలో కరువు. దక్షిణాన యంత్రాలతో సోయా సాగు పెరిగి చిన్న రైతులు భూములు వదులుకుంటున్నారు. పెద్ద భూస్వాముల భూమి పంచడం ప్రభుత్వానికి ఇష్టం లేదు. అందుకని పేదలను అడవికి పంపింది. భూమి లేని మనుషులకు మనుషులు లేని భూమి అన్నది ఆనాటి నినాదం. ఆ ఒక్క మాటతో ఆదివాసులు మనుషుల లెక్కలోంచే పోయారు. 1969లో బయటి ప్రపంచంతో కలిసిన సురుయి జనం కొద్ది ఏళ్లలోనే తట్టు వంటి జబ్బులతో ఊళ్లకు ఊళ్లుగా చనిపోయారు.

కుయాబా నుంచి పోర్తో వెల్యో దాకా సుమారు 1,500 కిలోమీటర్ల మట్టి రోడ్డు ఒకటి ముందే ఉంది. ప్రపంచ బ్యాంకు అప్పుతో 1984లో దానికి తారు వేశారు. దాని నుంచి అటూ ఇటూ కొన్ని కిలోమీటర్లకు ఒకటి చొప్పున అడ్డరోడ్లు తీశారు. వాటి వెంట కుటుంబానికి వంద హెక్టార్లు, మన లెక్కలో దాదాపు 250 ఎకరాలు కేటాయించారు. ఆకాశం నుంచి తీసిన చిత్రాల్లో ఆ రోడ్లు చేపముల్లులా కనిపిస్తాయి. 1970లో లక్షా పదివేలున్న జనాభా 1991కి పదకొండు లక్షలు దాటింది.

అసలు సంగతి పట్టాలో ఉంది. చెట్లు కొట్టి చూపిస్తే భూమిని "అభివృద్ధి" చేసినట్టు లెక్క, హక్కు గట్టిపడేది. నిలబడ్డ అడవి మాత్రం ఖాళీ భూమి కింద లెక్క. గొడ్డలి పట్టింది పేదవాడే అయినా, కొట్టకపోతే భూమి నిలవదని చెప్పింది ప్రభుత్వం. ఇంత చేసినా వాళ్లకు దక్కింది తక్కువే. వర్షారణ్యంలో సారమంతా చెట్లలో, రాలిన ఆకుల్లో ఉంటుంది, మట్టిలో చాలాచోట్ల ఉండదు. నాలుగు పంటలకే దిగుబడి పడిపోయింది. మలేరియా పీడించింది. చాలామంది భూములు అమ్ముకుని ఇంకా లోపలికి వెళ్లి మళ్లీ నరికారు. అమ్మిన భూములు పశువుల ఆసాముల చేతికి చేరి పచ్చిక బీళ్లయ్యాయి. రొండోనియాలో 1978 నాటికి 4,200 చదరపు కిలోమీటర్లు నరికి ఉంటే, 1988కి 30,000, 2003కి 67,000 దాటింది. 1995 ఒక్క ఏడాదిలో బ్రెజిల్ అమెజాన్ మొత్తం మీద 29,059 చదరపు కిలోమీటర్లు పోయింది. అది తెలంగాణలో నాలుగో వంతు.

పక్క రాష్ట్రం ఆక్రెలో రబ్బరు పాలు తీసే కూలీలు చెట్లకు అడ్డం నిలబడ్డారు. వాళ్ల నాయకుడు చికో మెండెస్. కూలీలు లెక్కలు చదివితే మోసం బయటపడుతుందని ఆ తోటల్లో యజమానులు బడులే పెట్టనివ్వలేదు, ఆయనకు చదువు వచ్చింది పెద్దయ్యాకే. (మాలాంటి వాళ్లు మరిచిపోలేని సంగతి ఇది.) 1988 డిసెంబరు 22న ఆయన్ని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. అదే ఏడాది వచ్చిన కొత్త రాజ్యాంగం ఆదివాసుల భూమి హక్కును గుర్తించింది. ఉరు-ఎవు-వావ్-వావ్ భూమికి 1991లో హద్దులు ఖాయమయ్యాయి. ఇప్పుడు ఉపగ్రహ పటంలో చుట్టూ గోధుమ రంగు, మధ్యలో వాళ్ల నేల పచ్చగా ఉంటుంది. అయినా దొంగచాటుగా నరికేవాళ్ల బాధ వాళ్లకు తప్పలేదు.

ఇది చదువుతుంటే మన మన్యం గుర్తుకు రాకుండా ఉండదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన పెద్దలు పోడుకు దోషులయ్యారు, రైలు పట్టాల కింద దుంగల కోసం అడవి కొట్టిన దొరలు కాలేదు. 1922లో అల్లూరి వెంట జనం నడవడానికి పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి, రెండూ కారణాలే. అలాగని పోడులో లోపమే లేదని మేము అనం. జనం పెరిగి, బీడు వదిలే ఏళ్లు తగ్గి, బోడి అయిన కొండలు మన దగ్గరా ఉన్నాయి.

పిల్లలకు ఇదంతా చెప్పినప్పుడు ఒక పాప లేచి, "మరి పరీక్షలో ఏం రాయాలి మేడమ్?" అని అడిగింది. గైడులో ఉన్నవన్నీ రాయమన్నాం, వరుస మాత్రం మార్చి రోడ్లు, పట్టా చట్టాలు, పశువుల బీళ్లు ముందు రాయమన్నాం. పోడు దగ్గరికి వచ్చేసరికి, నరికిన చోటును ఎన్నేళ్లు బీడు వదిలేవారో దసరా సెలవులకు ఇంటికెళ్లినప్పుడు తాతను అడిగి, ఆ అంకె కూడా వేయమన్నాం.